కాయకమునందు క్రొత్త యోచన
(శరణ జీవితములనుండి ఒక అభ్యాస పాఠము)

శ్రీ గురు బసవలింగాయ నమః

ఒక శ్రావణమాసమున మా ఊరి మఠమునందు నెలదినములు సాగిన శరణచరిత్ర ప్రవచనము ముగిసినది. ప్రసాదపంక్తి లేచిన పిదప నా పూర్వవిద్యార్థి యొకడు నాయొద్దకు వచ్చి కూర్చుండెను. అతడు యంత్రభాగములు చేయు కర్మాగారమున ఏడేండ్లుగా పని చేయుచున్నవాడు. "సారూ, ఇన్ని దినాలు మీరు కాయకం గొప్పతనం చెప్పినారు, విన్నాను. కాని మా పని రోజూ ఒక్కటే. నెలకు ఒక్క కొత్త ఆలోచన అయినా తెమ్మని మా పైఅధికారి అడుగుతున్నాడు. నాకు ఒక్కటీ తోచదు. నాకు ఆ బుద్ధి పుట్టలేదేమో. దీని గురించి శరణులు ఏమైనా చెప్పినారా?" అని అడిగెను.

అప్పటికప్పుడు నాకు సమాధానము తోచలేదు. పాతికేండ్లుగా ఒకే పాఠమును ఒకే తీరున చెప్పుచున్న ఉపాధ్యాయుడను నేను. క్రొత్త యోచనను గూర్చి అతనికి చెప్పు అర్హత నాకు కలదా యను సందేహము కలిగినది. "కొంచెం వ్యవధి ఇవ్వు, నాయనా" అని పంపివేసితిని. ఆ తరువాత శరణుల చరిత్రలను మరల ఈ దృష్టితో చదివితిని. చదువగా తేలిన విషయమే ఈ పాఠము. మన కుటుంబములలో వ్యాపారము చేయువారు, సేద్యము చేయువారు, కార్యాలయములలోను కర్మాగారములలోను ఉద్యోగము చేయువారు, మఠములలో పాఠశాలలను అన్నదానములను నడుపువారు కలరు. అందరికిని ఇది ఉపయోగపడునని నా విశ్వాసము.

ప్రతిభ యొక్కటే చాలునా?

క్రొత్త యోచన యనునది కొందరికి మాత్రమే పుట్టుకతో వచ్చు వరమని మనలో పెక్కుమంది తలంతురు. ఆ యువకుని దుఃఖమునకు మూలము ఈ భావమే. కాని మన అలంకారశాస్త్రము అట్లు చెప్పలేదు. కావ్యప్రకాశకర్తయైన మమ్మటుడు కవిత్వము పుట్టుటకు శక్తి, నిపుణత, అభ్యాసము అను మూడింటిని చెప్పెను. శక్తి యనగా సహజమైన ప్రతిభ. నిపుణత యనగా లోకమును, శాస్త్రములను, కావ్యములను పరిశీలించుటవలన కలుగు నేర్పు. అభ్యాసము తెలిసినవారియొద్ద నేర్చి మరల మరల చేయుట. ఇచట గమనింపదగిన సూక్ష్మమొకటి కలదు. ఆయన ఈ మూడును మూడు హేతువులని బహువచనమున చెప్పక, మూడును కలిసి ఒకే హేతువని ఏకవచనమున చెప్పెను. మూటిలో ఒకటి మాత్రమే మన చేతిలో లేనిది. తక్కిన రెండును మన చేతిలో ఉన్నవే. అట్టివానిని విడిచి, చేతిలో లేనిదానికొరకు విచారించుట వివేకము కాదు.

పండ్రెండవ శతాబ్దమున కల్యాణనగరమున బసవేశ్వరుని చుట్టు చేరిన శరణులను చూడుడు. మడివాళ మాచయ్య బట్టలుతుకువాడు. అంబిగర చౌడయ్య పడవ నడుపువాడు. నులియ చందయ్య త్రాళ్ళు పేనువాడు. మేదర కేతయ్య వెదురుబుట్టలల్లువాడు. మోళిగె మారయ్య కట్టెలమ్మువాడు. వీరిలో పెక్కుమంది రాజాస్థానములలో శిక్షణ పొందిన పండితులు కారు. ఐనను ఛందోబద్ధమైన పద్యము గాక, వట్టి వ్యవహారవచనమును గాక, వచనమను ఒక క్రొత్త రూపము వీరి నోట వెలసి తొమ్మిది శతాబ్దములుగా నిలిచియున్నది. ఇంతమంది సామాన్యులు ఒకేకాలమున ఇంత క్రొత్తదనమును చూపిరనిన, దానికి కారణము ఒక్కొక్కరి పుట్టుకయందు కాక, వారు అవలంబించిన జీవనపద్ధతియందే వెదుకవలెను. ఆ పద్ధతిని ఆరు అభ్యాసములుగా విభజించి చెప్పెదను.

మొదటి అభ్యాసము: పనియందలి బాధను చూచుట

క్రొత్త యోచన ఆకాశమునుండి పడదు. చేయుచున్న పనిలోని బాధనుండి పుట్టును. అలవాటు కన్నులను కప్పివేయును. దినమును వేధించు చిక్కును "ఇది ఇంతే" అని సహించుటకు మనము అలవాటు పడుదుము. ఆ "ఇంతే" అన్న మాట వినబడిన చోటనే నిలిచి చూడవలెను.

మన తెలుగునాటినుండియే ఒక నిదర్శనము చెప్పెదను. పోచంపల్లి పట్టుచీరలు నేయుటకు ముందు ఆసు పోయుట అను పని కలదు. అర్ధచంద్రాకారముగా పాతిన మేకులచుట్టు పేకనూలును చేతితో అటునిటు త్రిప్పవలెను. ఒక్క చీరకు చేయి దాదాపు తొమ్మిదివేల సార్లు కదలవలెను. నాలుగైదు గంటల శ్రమ. తరతరములుగా చేనేత ఇండ్లలో ఈ పనిని స్త్రీలే చేసిరి. భుజముల నొప్పిని స్త్రీలే భరించిరి. నల్లగొండ సీమయందలి ఆలేరు ప్రాంతమువాడైన చింతకింది మల్లేశము ఆరవతరగతితో చదువు మానివేసినవాడు. ఆయన తన తల్లి లక్ష్మి పడు బాధను చూచి, "ఇది ఇంతే" అనక, 1992లో యంత్రమునకై ప్రయత్నము ప్రారంభించెను. 1999లో అది సిద్ధించినది. తల్లి పేరుతో లక్ష్మీ ఆసుయంత్రముగా వెలసిన ఆ సాధనము నాలుగైదు గంటల పనిని సుమారు గంటన్నరకు తగ్గించినది. 2017లో భారతప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ నొసగినది. ఆ బాధను అంతకుముందు చూడనివారు లేరు. అది తీర్పదగినదని తలచి వెంట పడినవాడు ఆయన.

కావున ప్రతిదినము పని ముగియగనే ఈ మూడు ప్రశ్నలు వేసికొనవలెను. నేడు నా చేతికి ఎక్కడ అడ్డు తగిలినది? ఎవరు ఎందుకు వేచియుండవలసి వచ్చినది? ఏ పనిని రెండవమారు చేయవలసి వచ్చినది? సమాధానము చిన్నదైనను సరే. చిన్న అడ్డునుండియే పెద్ద యోచనకు దారి కలుగును.

రెండవ అభ్యాసము: ముందు రాశి పోయుట, పిదప తూర్పార పట్టుట

కళ్ళమున రైతు చేయు పనిని గమనింపుడు. ముందు పంటనంతటిని రాశి పోయును. గాలి తిరిగినప్పుడు చేటనెత్తి తూర్పార పట్టును. కోయుచున్నప్పుడే ఒక్కొక్క గింజను పట్టి ఇది గట్టిదా, తాలుగింజయా యని చూచుచు కూర్చుండినచో పంట ఇల్లు చేరదు. యోచనల విషయమున మనము చేయు ప్రధానమైన తప్పు ఇదియే. ఒక తలంపు పుట్టగనే "ఇది జరుగునా? ఎవరైనా నవ్వుదురా?" అని అక్కడనే దానిని త్రుంచివేయుదుము.

పుట్టించు వేళ వేరు, పరీక్షించు వేళ వేరు. ఒక చిక్కును తీసికొని దానికి పది ఉపాయములు వ్రాయవలెను. మొదటి మూడు నాలుగు అందరికి తెలిసినవే యగును. ఐదవదానికడ మనస్సు మొరాయించును. అక్కడ కలము పెట్టివేయరాదు. తెలిసినవి అయిపోయిన పిమ్మటనే తెలియనివాటికి చోటు కలుగును. పదింటిలో ఎనిమిది తాలుగా తేలినను చింత లేదు. మిగిలిన రెండును రాశి పోసినందుననే లభించినవి.

వ్రాసికొనుట ఇందు ముఖ్యము. తోచిన తలంపు తోచినట్లే నిలువదు. శరణులు పలికినవి తాటియాకులమీది కెక్కినందుననే మనకు దక్కినవి. వానిలో ఎన్నో ఇండ్లలోను మఠములలోను మూటలుగా పడియుండగా, విజాపురమున న్యాయవాదియైన ఫ.గు. హళకట్టి (1880–1964) ఊరూరు తిరిగి సేకరించి, పోల్చి, శుద్ధప్రతులు వ్రాసెను. 1923లో వచనశాస్త్రసారము మొదటిభాగమును ప్రకటించెను. తన ఇంటిని అమ్మి ముద్రణాలయమును పెట్టెను. 1926లో శివానుభవ పత్రికను ప్రారంభించెను. తరువాత 1993లో కర్ణాటక ప్రభుత్వము వచనములను 15 సంపుటములుగా వెలువరించినది. ఆకుమీద ఎక్కని వచనములు ఎన్ని నశించెనో శివునికే యెరుక. కావున జేబులో ఒక చిన్న పుస్తకము ఉంచుకొనుడు. చరవాణిలో వ్రాసికొన్నను దోషము లేదు. వ్రాయుట ప్రధానము.

మూడవ అభ్యాసము: ఇతర కాయకములను దర్శించుట

క్రొత్తది యనిన పూర్తిగా లేనిది పుట్టుట కాదు. ఒకచోట ఉన్నది మరియొకచోటికి చేరుటయే పెక్కుమారులు క్రొత్తదనము. మల్లేశము యంత్రమునకు చివరి చిక్కు చాలకాలము వీడలేదు. హైదరాబాదులోని బాలానగరమున వేరొక పనిమీద ఉన్నప్పుడు అక్కడి యంత్రమొకదాని కదలికను చూచి, తనకు కావలసినది అదేయని గ్రహించెనని ఆయన చరిత్ర చెప్పుచున్నది. ఆ యంత్రము నేతకు సంబంధించినది కాదు. ఏండ్లుగా తన చిక్కును మనస్సున మోయుచున్నందున ఆయన కన్నులు దానిని పట్టుకొనినవి.

పాల్కురికి సోమనాథుడు చేసినదియు ఇదియే. ఆయన కాలమునకు తెలుగున గౌరవమందిన కావ్యరూపము సంస్కృతవృత్తములతో కూడిన చంపువు. ప్రజలు పాడుకొను ద్విపద పండితులకు తక్కువదిగా తోచెడిది. సోమనాథుడు భక్తులు చెప్పుకొను కథలను ఆలకించి, వారి నోట నాడు ద్విపదనే గ్రహించి, దానిలో బసవపురాణమును రచించెను. ద్విపద ఆయన సృష్టి కాదు; బసవని కథయు ఆయన కల్పన కాదు. ఆ రెండింటిని ఒకచోట చేర్చుటయే ఆయన క్రొత్త యోచన. తెలుగుసాహిత్యమున అది ఒక మార్గమే యైనది.

నెలకొకమారైనను తన వృత్తికి సంబంధింపని పనిచోటికి పోయి ఒక గంట చూడవలెను. దుకాణదారుడు గ్రంథాలయమున పుస్తకములు అమర్చు విధమును చూడవచ్చును. ఉపాధ్యాయుడు కుమ్మరి తన కొడుకునకు సారె త్రిప్పుట నేర్పు విధమును చూడవచ్చును. మఠమున వంటశాల నడుపువారు పెండ్లివంట చేయువారు వేయిమందికి సరకులెట్లు లెక్కవేయుదురో చూడవచ్చును. "ఇందులో నా పనికి పనికివచ్చునది ఏది?" అను ఒక్క ప్రశ్నను వెంట తీసికొనిపోయిన చాలును.

నాలుగవ అభ్యాసము: అనుభవగోష్ఠి

అనుభవమంటపమును గూర్చి మనము ప్రతి బసవజయంతికి వినుచున్నాము. అల్లమప్రభువు శూన్యసింహాసనాధ్యక్షుడుగా, పురుషులు, స్త్రీలు, అన్ని కాయకములవారు కూడి చర్చించిరని మన సంప్రదాయము చెప్పుచున్నది. ఐతే ఆ సభ ఎట్లు నడచినదని మనము అడుగుట అరుదు. పదునైదవ శతాబ్దమున సంకలితమైన శూన్యసంపాదనమను కన్నడగ్రంథమున ఆ చర్చల స్వరూపము కాననగును. అక్కమహాదేవి వచ్చినప్పుడు అల్లముడు ఆమెను కఠినమైన ప్రశ్నలడిగెను. ఆమె ప్రతిదానికి సమాధానమిచ్చినది. సభ ఆమెను శిరసావహించినది. సొన్నలిగెలో చెరువు త్రవ్వించుచున్న సిద్ధరాముని అల్లముడు తీవ్రముగా ఆక్షేపించెను; ఆయన మొదట కోపించి, పిదప గ్రహించి, కల్యాణమునకు వచ్చి శరణులలో అగ్రగణ్యుడాయెను. అచట ప్రశ్న కఠినముగా నుండెను. కాని ప్రశ్నించినది భావమును. పలికినవాని కులమునో, వృత్తినో కాదు.

ఇక్కడ నా తప్పొకటి చెప్పుకొనక తప్పదు.

ఇరువదియేండ్ల క్రిందటి మాట. తొమ్మిదవతరగతిలో ఛందస్సు చెప్పుచుంటిని. ద్విపదపాదమునకు మూడు ఇంద్రగణములు, ఒక సూర్యగణము అని నల్లబల్లపై పట్టిక వ్రాసి, గురులఘువులను లెక్కింపించుచుంటిని. పిల్లల ముఖములలో వెలుగు లేదు. వెనుకవరుసనుండి ఒక బాలుడు లేచి, "సారూ, ఇది మా నాయన డప్పు దరువు లెక్కనే ఉంది. బల్ల మీద కొట్టి చూపించనా?" అని అడిగెను. వాని తండ్రి ఊరిలో డప్పు వాయించువాడు. "ఇది డప్పులు కొట్టే చోటు కాదు, కూర్చో" అంటిని. తరగతి యంతయు నవ్వినది. వాడు కూర్చుండెను. ఆ సంవత్సరమున వాడు మరల లేచి ఒక్క ప్రశ్నయు అడుగలేదు. పదవతరగతి పూర్తి కాకయే చదువు మానివేసెను. ఆ మానుటకు వేరు కారణములును ఉండవచ్చును. కాని నా మాటకు అందు భాగము లేదని నేను చెప్పజాలను.

ఆ సాయంకాలమే నేను మఠమునకు పోయి మాదార చెన్నయ్య భక్తిని గూర్చి ఉపన్యసించితిని. చెన్నయ్య మాదిగకులమున పుట్టిన శరణుడు. ఆయనను వేదికపై కీర్తించిన నోటితోనే, ఆనాటి ఉదయము నా యెదుట నిలిచిన బాలుని నోరు మూయించితిని. ఈ రెంటికి నడుమనున్న దూరము నాకు కనబడుటకు ఏండ్లు పట్టినది.

తరువాత ఒకనాడు, వేరొక తరగతిలో పాఠము సాగక, విసుగుతో ఆ బాలుని మాట జ్ఞప్తికి వచ్చి, పిల్లలచేత బల్లలపై దరువు వేయించితిని. గురువునకు బరువైన దెబ్బ, లఘువునకు తేలికదెబ్బ. మూడు దినములు పట్టు పాఠము ఒక గంటలో వారి చేతులకు పట్టుబడినది. పాతికేండ్ల నా ఉద్యోగములో నా పాఠమునకు వచ్చిన మేలైన క్రొత్త యోచన అదియే. అది నాది కాదు. ఇచ్చినవానిని నేను అవమానించి పంపితిని. ఈ నాటికిని ఆ పాఠము చెప్పునపుడు, ఇది ఒక డప్పు కళాకారుని కుమారుడు చెప్పిన ఉపాయమని పిల్లలకు చెప్పియే ప్రారంభించుచున్నాను.

గోష్ఠి నడుపుటకు నాలుగు నియమములు పాటింపవలెను.

మొదటిది, కూడి మాటలాడుటకు ముందు ఎవరికి వారు మౌనముగా వ్రాసికొనవలెను. 1958లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమున ఒక పరీక్ష జరిగినది. నలుగురు చొప్పున కూడి యోచించిన జట్టులకంటె, విడివిడిగా యోచించిన నలుగురి తలంపులను పిదప కలిపినప్పుడు అధికసంఖ్యలో యోచనలు లభించినవి. కూడినచోట ఒకరు పలుకుచుండ తక్కినవారు ఆగుదురు. పెద్దవాని మాటవైపే అందరు ఒరుగుదురు.

రెండవది, చిన్నవారు ముందు పలుకవలెను. పెద్దవారు చివర పలుకవలెను. ఇంటి యజమాని మొదటనే తన అభిప్రాయము చెప్పినచో కోడలు, చిన్నకొడుకు నోరు విప్పరు.

మూడవది, తప్పు పట్టవలసినచో యోచనను పట్టవలెను, మనిషిని కాదు. నవ్వులాటకు తావీయరాదు.

నాలుగవది, యోచన ఎవరిదో వారి పేరు నిలుపవలెను. వచనమునకు అంకిత ముండుట మీరెరుగుదురు. బసవన్న కూడలసంగమదేవునిపేర, అక్క చెన్నమల్లికార్జునునిపేర ముగింతురు. పడవ నడుపు చౌడయ్య తన పేరునే అంకితముగా నిలిపెను. ఆ ముద్రలుండుటచేతనే ముప్పదిమందికి పైబడిన శరణస్త్రీల వచనములు వారి వారివేయని నేడు గుర్తింపగలుగుచున్నాము. క్రిందివాని యోచనను పైవాడు తన పేర చెప్పుకొనుట దొంగతనము. అట్లు జరిగినచోట రెండవ యోచన పుట్టదు.

ఐదవ అభ్యాసము: విరామము

చిక్కుముడిని విడువక లాగినకొలది అది బిగియును. శక్తికొలది యోచించిన పిదప దానిని ప్రక్కన పెట్టవలెను. ఫ్రెంచి గణితశాస్త్రజ్ఞుడు హెన్రీ పొయన్‌కారే చాలదినములు ఒక సమస్యతో పెనగులాడి, ప్రయాణములో బండి మెట్టుపై కాలు మోపుచుండగా దాని సమాధానము స్ఫురించినదని వ్రాసికొనెను. కాని అంతకుముందు పడిన శ్రమ లేనిచో మెట్టు ఏమియు ఈయదు. శ్రమ లేని విరామము సోమరితనము. విరామము లేని శ్రమ గానుగెద్దు నడక.

ప్రాతఃకాలమున ఇష్టలింగమును కరపీఠమున నిలిపి దృష్టిని నిలుపు సంప్రదాయము మనకు కలదు. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరము. పూజ యోచనలకై చేయు బేరము కాదు. పూజలో కూర్చుండి దుకాణపు చిక్కును తలంచినచో పూజయు చెడును, యోచనయు చెడును. చెదరిన మనస్సు ఒకచోట నిలుచుట నేర్చిన పిదప, ఆ నిలుకడ మన పనివేళకును తోడు వచ్చును. అంతే. కాలినడక, తోటపని, నిశ్చింతమైన నిద్ర కూడ ఈ మేలే చేయును.

ఆరవ అభ్యాసము: పరీక్ష, దాసోహము

తూర్పార పట్టిన పిదప మిగిలిన గింజను ముందు చిన్నమడిలో చల్లి చూడవలెను. ఒక వారము, ఒక బల్ల, ఒక తరగతి, ఒక అలమర. ఇంతటితో పరీక్షింపవలెను. ముందెంత కాలము పట్టినది, పిదప ఎంత పట్టినది యని వ్రాసికొనవలెను. నెరవేరనిచో సిగ్గుపడక విడువవలెను.

క్రొత్తదెల్ల మంచిది కాదు. కొలతను తగ్గించి లాభమును పెంచు ఉపాయము కూడ క్రొత్త యోచనయే! సత్యశుద్ధమైన కాయకమునకు అది తగదు. ఆయ్దక్కి మారయ్య రాలిన బియ్యపుగింజలను ఏరి తెచ్చు కాయకము చేయువాడు. ఒకనాడు ఆయన అలవాటుకంటె ఎక్కువ తెచ్చెను. భార్య లక్కమ్మ దానిని చూచి, అవసరమునకు మించినది మనది కాదని, తిరిగి పోసి రమ్మని పంపినది. మన యోచనకును లక్కమ్మవంటి పరీక్ష యొకటి కావలెను. దీనివలన ఎవరి బరువు తగ్గుచున్నది? ఎవరిపై బరువు పడుచున్నది? మన భుజము తేలికయై తోటివాని భుజము బరువెక్కినచో అది మేలైన యోచన కాదు.

మేలైనదని తేలిన పిదప దానిని దాచరాదు. కాయకఫలమును పంచుటయే దాసోహము, యోచనయు కాయకఫలమే. సోమనాథుని బసవపురాణమును 1369లో భీమకవి కన్నడమున రచించెను. కన్నడదేశమున నడచిన బసవని చరిత్ర తెలుగున ద్విపదకావ్యమై, ఆ కావ్యము తిరిగి కన్నడమునకు చేరినది. పంచిన యోచన తరుగదు. మరియొక చేతిలో మరియొక రూపము పొందును.

అనుష్ఠానక్రమము

చదివి విడుచుటకు కాక, ఆచరించుటకు ఈ క్రమమును సూచించుచున్నాను.

1. ప్రతిదినము పని ముగియగనే ఐదు నిమిషములు కూర్చుండి, ఆనాటి అడ్డంకి నొకదానిని ఒక వాక్యమున వ్రాయుడు.

2. సోమవారమున ఆ అడ్డంకులలో ఒకదానిని ఎన్నుకొని, దానికి పది ఉపాయములు వ్రాయుడు. ఆ దినమున దేనిని కొట్టివేయకుడు.

3. గురువారమున వానిని తూర్పార పట్టి ఒకటి రెండు నిలుపుడు.

4. నెలకొకమారు అన్యమైన కాయకము జరుగుచోటికి పోయి చూడుడు. పిల్లలను వెంట తీసికొనిపొండు.

5. నెలకొకమారు ఇంటనో మఠముననో గోష్ఠి జరుపుడు. ఒకే చిక్కును గైకొనుడు. ముందు మౌనముగా వ్రాత. పిదప చిన్నవారినుండి పలుకు. చెప్పినవారి పేరుతో పుస్తకమున ఎక్కింపుడు. మఠాధిపతులు ఈ గోష్ఠికి ఊరియందలి అన్ని కాయకములవారిని పిలుచుట బసవమార్గమునకు తగినది.

6. నిలిచిన యోచనను ఒక వారము చిన్నగా ఆచరించి చూచి, ఫలితమును తోటివారికి తెలుపుడు.

ఈ క్రమమును ముందుగా ఆ యువకునికే వ్రాసి ఇచ్చితిని. మరుసటి శివరాత్రికి అతడు వచ్చి తన చిన్న పుస్తకమును చూపెను. నలువదికి పైగా అడ్డంకులు వ్రాసియుండెను. వానికి వ్రాసిన ఉపాయములలో ఎక్కువభాగము తాలు, మూడు నిలిచినవి, ఒకటి ఆచరణలోనికి వచ్చినది. పనిముట్లను వెదకుటకే ప్రతిదినము కాలము వృథా యగుచుండగా, గోడపై పలక పెట్టి ప్రతి పనిముట్టు ఆకారమును దానిపై రంగుతో గీసి, ఏది లేదో చూడగనే తెలియునట్లు చేసిరట. "ఇందులో పెద్ద బుద్ధి ఏముంది సారూ? రోజూ చూసేదే కదా" అనెను. "దానినే చూడుమని శరణులు చెప్పినది" అంటిని.

పిదప అతడు మరియొక మాట చెప్పెను. "ఆ పలక ఆలోచన నాది కాదు. మా దగ్గర ఊడ్చే అమ్మ చెప్పింది. పుస్తకంలో ఆమె పేరే రాసినాను." ఆ మాట విని నేను చాలసేపు పలుకలేకపోయితిని. తరగతిలో నేను చేయలేనిదానిని, నా విద్యార్థి తన పనిచోట చేసి చూపెను.

మీ ఇంట, మీ దుకాణమున, మీ పాఠశాలలో వెనుకవరుసనుండి ఒకరు లేచి ఏదో చెప్పబోవుచుండవచ్చును. నేడు వారిని కూర్చుండుమనకుడు.

శరణు శరణార్థి.